సీసం

ఆ జూలైలో మంచు గడప దాటి లోపలికొచ్చింది.
మలోతి కొండల మీద, మా ఉన్ని తూచే కొట్టంలో
వేళ్లు కొంకర్లుపోయి
నాన్న చేతిలోంచి అయిదు కిలోల గుండు జారింది.
రాతి నేలను తాకి రెండు చప్పుళ్లు చేసింది:
ఒకటి ఇనుముది,
ఇంకొకటి, మెత్తగా, ఇనుముది కానిది.

గుండు అడుగున బొటనవేలంత గుంట.
గుంటలో పోసిన సీసం ఊడి గొర్రెబొచ్చులోకి దొర్లింది.
దాని పైన మైనం పూత, మైనంలో ఒక వేలిముద్ర.
ఎవరిదని అడగక్కర్లేదు.
వేలికి అడ్డంగా కత్తెర గాటు
మా ఊళ్లో తాత ఒక్కడికే ఉండేది.

తాత గుడిలో మూడో బల్ల మీద కూర్చునేవాడు.
దొంగ త్రాసంటే దేవుడికి రోత అని
వణికే గొంతుతో ఆయనే చదవగా విన్నాను.
చదివిన నోరూ, సీసం పోసిన చేయీ ఒకే మనిషివి.
ఇన్నేళ్లకీ అది నాకు కొరుకుడు పడదు.

నాన్న పేరు మొలెఫీ.
మా సెసోతోలో చెల్లించేవాడని అర్థం.
ఆ పేరు పెట్టింది తాతే.

ఆ రాత్రి నాన్న సంకటి ముట్టలేదు.
లాంతరు కింద తన పదకొండేళ్ల పద్దులు తెరిచి
ఉన్ని మూటకో గీత, గీతకో తరుగు.
"తెలియక చేసింది పాపమెట్లా అవుతుంది?" అంది అమ్మ.
"తెలిశాక ఊరుకుంటే తెలిసి చేసినట్టే.
మేడిచెట్టెక్కిన ఆ పొట్టి సుంకరి నాలుగంతలిచ్చాడు,
నాకంత లేదు.
మోషే అడిగినట్టు అసలుకి అయిదో వంతు కలుపుతాను."

తెల్లారి ఫెఫోని అమ్మేశాడు.
గాలి అని పేరు పెట్టుకున్న గుర్రం.
కొన్నవాడి వెంట అది గాలిలా పోలేదు,
అడుగడుక్కీ ఆగి మా వైపు తిరిగింది.
నాలుగు రోజులు నేను నాన్నతో మాట్లాడలేదు.

తర్వాత ఇద్దరం నడిచాం,
భుజాల మీద రగ్గులు, నా చంకలో పద్దు పుస్తకం.
కొండకో ఇల్లు, ఇంటికో కుక్క.
ఒకాయన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి తలుపేసుకున్నాడు.
ఒకావిడ పోయి మూడేళ్లయింది,
ఆమె వాటా మనవడి చేతిలో పెడితే
ఇవాళ ఏం పండగని అడిగాడు వాడు.
ఒకాయన తాత సమాధి ఉన్న దిక్కుకి ఉమ్మేశాడు.
నాన్న తన ముఖం తుడుచుకున్నాడు.

చివరికి వాగు అవతల మత్సెలెంగ్ గుడిసె.
ముసలామె, పన్నెండు మేకలు, చూపున్న కన్ను ఒకటే.
డబ్బు ముట్టుకోలేదు. పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది.
"మొలెఫీ, తూకానికి తెచ్చే ముందు రాత్రి
ఏటా మూటల మీద వాగు నీళ్లు చల్లేదాన్ని.
ఒక ఏడు ఇసుక కూడా కలిపాను."

పొగలో కాసేపు ఎవరమూ కదల్లేదు.
"నీ సీసానికీ నా నీళ్లకీ చెల్లుకు చెల్లు కదా?"
అంది, కొంచెం ఆశగా.
నాన్నకి నవ్వొచ్చింది. ఆ నెలలో అదే మొదలు.
నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు.
"రెండు వంకర కర్రలు పక్కపక్కన పెడితే
ఒక తిన్నని కర్ర అవదమ్మా."

దీపంలో చమురు అయిపోయేదాకా కూర్చున్నారు ఇద్దరూ,
తన బాకీ ఎక్కువంటే తనదే ఎక్కువని
గింజుకుంటూ, మధ్యలో తిట్టుకుంటూ.
సంతలో ఇట్లాంటి బేరం నేనెప్పుడూ చూడలేదు.
తిరిగొచ్చేటప్పుడు నా రగ్గులో ఒక మేకపిల్ల,
దాని గుండె నా పక్కటెముకల మీద కొట్టుకుంటూ.
ఆ దారిలోనే నాన్నతో మళ్లీ మాట్లాడాను.
"దీనికి పేరేం పెడదాం?" అన్నాను.

ఇప్పుడు తూకం నాది.
నన్ను నీతిమంతుడంటారు జనం, ఆదివారం ముందు బల్ల చూపిస్తారు.
నేను తలుపు దగ్గరే కూర్చుంటాను.
రోజూ కొట్టం తెరవగానే
గుండు తిరగేసి, ఆ ఖాళీ గుంటలో
నా బొటనవేలు పెట్టి చూస్తాను.

సరిగ్గా పడుతుంది.